పొట్టిదొర ఎవరి ఇంటికి పోవాలి

ఎన్నికల కోడ్ వచ్చిన మరునాడు పొద్దున, బొరుగుల ఉగ్గాని పళ్లెం ముందు పెట్టుకుని మిరపకాయ బజ్జీ అంచు కొరికానో లేదో, ఎమ్మిగనూరు నుంచి మా షడ్డకుడి ఫోన్ వచ్చింది. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. కోడ్ వచ్చిందంటే మా వైపు గోడల మీది రాతలకు సున్నం పడుతుంది, విగ్రహాలకు ముసుగు పడుతుంది, లైసెన్సు తుపాకి ఉన్నవాడు దాన్ని గుడ్డలో చుట్టుకుని పోలీసుస్టేషన్‌కు పోయి జమ చేస్తాడు. ఎన్నికల సందడి అణిగాక పోయి తెచ్చుకుంటాడు. ఈ పోవడం రావడంలోనే ఎవరింట్లో తుపాకి ఉందో ఊరంతటికీ తెలుస్తుంది కాబట్టి, కొందరు ఆ రోజు ఇస్త్రీ బట్టలు వేసుకుని, దగ్గరి దారి వదిలి బజారు మీదుగా పోతారు. మా షడ్డకుడు ఇన్నేళ్లుగా అలా పోయినప్పుడల్లా నేను ఆదోనిలో కూర్చుని కడుపుమంటకు మజ్జిగ తాగుతూ వచ్చాను. "అన్నా, రేపు పొట్టిదొరను ఇచ్చేకి పోతాండా. ఈసారి మళ్లా తెచ్చుకోను, సర్కారుకే ఒప్పజెప్తా. నువ్వు పక్కనుంటే బాగుంటాది" అన్నాడు. వస్తానన్నాను. విషయం చెబితే నా భార్య నా మొహం కూడా చూడకుండా, "బజ్జీ సల్లారిపాయ, నీ మంట ఎప్పుడు సల్లారుతాదో" అని వంటింట్లోకి పోయింది.

పొట్టిదొర మనిషి కాదు, మా మామగారి చేతితుపాకి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మండీ నడిపిన ఆయనకు అది వాళ్ల నాయన నుంచి వచ్చింది. ఆ నాయనకు, ఊరు విడిచి పోతున్న పత్తి ప్రెస్సింగ్ మిల్లు తెల్లదొర ఒకాయన దగ్గర నుంచి వచ్చిందని చెప్పుకునేవారు. పిస్తోలు కంటే లావు, వేట తుపాకి కంటే పొట్టి, మూరెడు కూడా ఉండదు. పక్కపక్కన రెండు గొట్టాలు. నడుం దగ్గర విరిస్తే తెరుచుకుంటుంది. ఒక చేత్తో పట్టుకుని కాల్చేదే అయినా, వేట తుపాకిలో వేసే తూటాలు దీంట్లోనూ పడతాయి. కావాలంటే ఒంటి గుండు తూటా పెట్టుకోవచ్చు, కావాలంటే కొర్రగింజలంత సీసపు రవ్వలు నింపిన తూటా పెట్టుకోవచ్చు. ఏదీ తేల్చుకోలేకపోతే ఒక గొట్టంలో అదీ, ఇంకో గొట్టంలో ఇదీ. పూర్వం ఏనుగు మీద కూర్చుని వేటకు పోయే దొరలు, పులి ఎగిరి మీదికొస్తే పొడుగు తుపాకి తిప్పడానికి చోటు చాలక ఇలాంటివి చేయించుకున్నారట. ఆదోనిలో ఏనుగూ లేదు, పులీ లేదు. పత్తి కుక్కిన గోనె బోరాల మధ్య ఎలుకలుండేవిగానీ, వాటి మీద పొట్టిదొరను ఎవరూ ప్రయోగించలేదు.

నేను పాత్రల అంగట్లో పుట్టి పెరిగినవాణ్ని. మా నాయన పాత ఇత్తడి తూకం వేసుకుని కొత్త స్టీలు ఇచ్చేవాడు. మా ఇంట్లో ఒక వస్తువును ప్రేమించడానికి ఒకటే కారణం ఉండేది, అది రెండు పనులు చేయడం. మూతగా పనికొచ్చే పళ్లెం, కొలతకు పనికొచ్చే చెంబు. పెళ్లైన కొత్తలో మామగారు పొట్టిదొరను విరిచి చూపించి, ఒక్క లైసెన్సు మీద పిస్తోలూ వేట తుపాకీ రెండూ ఇంట్లో ఉన్నట్లేనని చెప్పగానే నాకు ఒళ్లు జలదరించింది. పెళ్లిచూపుల్లో కూడా అంత కాలేదు. ఈ మాట మా ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

మామగారికి కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. అందువల్ల దసరాకు మండీలో చేసే ఆయుధపూజలో బొట్లు పెట్టే పని అల్లుళ్లది. పెద్ద కాటా, తూకపు రాళ్లు, బోరాలు లాగే కొక్కేలు అన్నీ కడిగి వరసగా పెట్టి, మధ్యలో ఎర్ర పట్టుగుడ్డ మీద పొట్టిదొరను పడుకోబెట్టేవారు. చిన్నమ్మాయి పెళ్లైన ఏడు, పెద్దల్లుణ్ని నేనే కదా అని గంధం గిన్నె అందుకుని పట్టుగుడ్డ వైపు వంగాను. "నువ్వు కాటాకు పెట్టప్పా" అన్నారు మామగారు. పొట్టిదొరకు కొత్తల్లుడు పెట్టాడు. వంకరగా పెట్టాడు. కాటాకు నేను పెట్టిన బొట్టు ఎంత గుండ్రంగా వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం అందరూ ఆ రాత్రి కర్రలతో తలలు పగలగొట్టుకునే దేవరగట్టు జాతర గురించి మాట్లాడుకుంటుంటే, పోయి ఒక కర్ర పట్టుకునే వయసు నాకింకా మిగిలుందా అని ఆలోచించాను.

మా షడ్డకుడు రైతు. ఎమ్మిగనూరు బయట కాలువ కింద వేరుశనగ, పొద్దుతిరుగుడు వేస్తాడు. మంచి మనిషి, అదే నా బాధ. చెడ్డవాడైతే నా అసూయకు న్యాయం అని పేరు పెట్టుకునేవాణ్ని. అతనికి బేరం తెలీదు. ఒకసారి ఇద్దరం ఒకే అంగట్లో ఒకే రకం చీరలు కొన్నాం. అంగడాయన చెప్పిన మొదటి ధరకే అతను సరేనంటే, ఆయన కంగారుపడి తనంతట తానే తగ్గించాడు. నేను లేచి, మెట్లు దిగి, వెనక్కి పిలిపించుకుని, మళ్లీ లేచి, వాళ్ల నీళ్లు తాగి, వాళ్ల ఫ్యాను కింద చెమట ఆర్చుకుని సాధించిన ధర అతనిదానికన్నా ఎక్కువే పడింది. ఇంటికొచ్చాక అక్కాచెల్లెళ్లు చీరలు పక్కపక్కన పరిచి చూసుకుని ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకింకా వినబడుతుంది.

మామగారికి కళ్లలో శుక్లాలొచ్చి, చేతులు వణకడం మొదలయ్యాక, తాను బతికుండగానే పొట్టిదొరను వారసుల్లో ఒకరి పేరుకు మార్పించాలనుకున్నారు. అల్లుళ్లు కూడా పనికొస్తారని వకీలు చెప్పాడు. అంటే పోటీలో ఉన్నది మేమిద్దరమే. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నేను నా పని మొదలుపెట్టాను. అంగట్లో పెరిగినవాడు ఒక వస్తువు కావాలనుకుంటే మొదట చేసేది దాన్ని తిట్టడం. కర్నూలులో తూటాలమ్మే ఆయన మామగారికి చెప్పిన సంగతి ఒకటి నాకు బాగా పనికొచ్చింది. గొట్టం లోపల నున్నగా ఉంటే రవ్వలు బాగానే పోతాయిగానీ ఒంటి గుండు తిన్నగా పోదట. గుండు తిన్నగా పోవాలని లోపల మెలికలుగా గాడి తీస్తే, రవ్వలు గిర్రున తిరిగి చుట్టూ చెదిరి నడుమ ఖాళీ వదిలేస్తాయట. సరిగ్గా మధ్యలో కూర్చున్న పిట్ట క్షేమంగా ఎగిరిపోవచ్చు. పైగా గొట్టం పొట్టిది కాబట్టి దూరం పోయే పనే లేదు. రెండు పనులు చేసే తుపాకి రెండింటినీ అరకొరగానే చేస్తుందని ఆయన తేల్చేశాడు. దాంతో నా మనసు విరగాలి. విరగలేదు, సరుకు విలువ దిగగొట్టడానికి మంచి మాట దొరికిందని సంబరపడ్డాను. భోజనాల దగ్గర, "ఈ కాలంలో దీంతో ఏం పని మామా, వాకిలికి కెమెరా పెట్టుకుంటే సాలు" అనేవాణ్ని. ఉత్త ఇనుము అనేవాణ్ని. మా షడ్డకుడు మాత్రం పెట్టె తెరిచినప్పుడల్లా వంగి చూసి, ఎంత బాగుందో అని మురిసిపోయేవాడు. కొనదలచుకున్నవాడు సరుకు ముందు అలా నోరు తెరుస్తాడా? అతని అమాయకత్వానికి జాలిపడేవాణ్ని.

ఇక్కడ తువాలు బేరం గురించి చెప్పాలి. ఇప్పుడు యార్డులో ధరలు కంప్యూటర్ చెబుతోందిగానీ, మామగారి కాలంలో పత్తి కుప్ప దగ్గర అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువాలు కప్పుకుని, లోపల ఒక్కో వేలికి ఒక్కో ధర లెక్కన వేళ్లు పట్టుకుని బేరమాడేవారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో అది ఇప్పటికీ కనబడుతుంది. ఒకడు వేలు పడితే రెండోవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. అది వద్దనడం కాదు, ఇంకొంచెం ముందుకు రా అనడం. పట్టడం, లాగడం, మళ్లీ పట్టడం. చివరికి అరచెయ్యి మొత్తం పట్టుకుంటే బేరం తెగినట్టు, ఇంక మాటల్లేవు. మామగారికి ఈ అలవాటు ఇంటి వ్యవహారాల్లోకి కూడా పాకింది. మా పెళ్లి సంబంధం కూడా ఆయనా మా నాయనా తువాలు కిందే ఖాయం చేసుకున్నారు. నేను ఎన్నో వేలికి తెగానో మా నాయన చివరిదాకా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మామగారు యార్డులో నన్ను పిలిచి పక్కన బోరం మీద కూర్చోబెట్టుకున్నారు. కంటి ఆపరేషన్ అయిన కొత్త, నల్లద్దాలు పెట్టుకున్నారు. గాలికి లేచిన దూది ఆయన మీసాల మీద వాలుతోంది. "ఏమప్పా, పొట్టిదొర సంగతి తెంచేద్దామా" అని మాత్రం అన్నారు. భుజం మీది తువాలు తీసి తన చేతి మీద కప్పుకుని నా వైపు చాచారు. నేను చెయ్యి లోపలికి పెట్టాను. ఆయన వేలు పట్టలేదు. మొదటే అరచెయ్యి మొత్తం పట్టుకున్నారు. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. తీసుకో, ఏ షరతూ లేదు అని దానర్థం. నా జన్మలో నాకెవరూ మొదటి పట్టులోనే అరచెయ్యి ఇవ్వలేదు. ఆదిలోనే అంతా ఇచ్చేస్తున్నాడంటే సరుకులో ఏదో లొసుగుందని నా బుర్ర అనుకోకముందే నా చెయ్యి అనుకుంది. దానంతట అది వెనక్కి వచ్చేసింది. అది చాలదన్నట్టు నా నోరు, "సూద్దాంలే మామా, తొందరేముంది" అంది. మళ్లీ పడతారని నా చెయ్యిని తువాలు అంచులోనే ఉంచి కూర్చున్నాను. నల్లద్దాల వెనక నుంచి ఆయన ఎటు చూశారో తెలియదు. కాసేపటికి తువాలు దులిపి భుజాన వేసుకుని, "సరేప్పా" అని లేచి, తడి పత్తి తెచ్చిన ఎవరినో మందలించడానికి పోయారు.

రెండో పట్టు కోసం నేను ఎదురుచూస్తూ ఉండగానే కబురు మా ఆవిడకు చెల్లెలి ఫోన్లో వచ్చింది. మామగారు ఎమ్మిగనూరు పోయి, వాళ్ల వసారాలో అందరి ముందూ, పొట్టిదొర నీకు కావాలా అని చిన్నల్లుణ్ని అడిగారట. కావాలి మామా అని అతనన్నాడట. అంతే, అయిపోయింది. చీర బేరమే మళ్లీ జరిగింది. మామగారి దగ్గరికి పోయి, నేను చెయ్యి లాగింది వద్దని కాదు అని చెప్పవలసింది. చెప్పలేదు. అలా చెబితే కావాలని బయటపడినట్టవుతుంది, బయటపడితే బేరం చెడుతుంది. చెడటానికి అక్కడ బేరమే మిగల్లేదన్న సంగతి నాకు తట్టలేదు. మామగారు పోయేదాకా ఆ మాట మా మధ్య రాలేదు.

ఆ తర్వాత నా అసూయకు తిండి పెట్టడంలో ఎమ్మిగనూరు ఎప్పుడూ లోటు చేయలేదు. ఒక ఏడు పొద్దుతిరుగుడు చేను మీద రామచిలకలు పడితే, వాటిని బెదరగొడదామని మా షడ్డకుడు రవ్వల తూటా పెట్టి పొట్టిదొరను గాల్లోకి పేల్చబోయాడు. అంత పెద్ద తూటాకు అంత చిన్న తుపాకి, ఆ ఎదురుదెబ్బకు అతని మణికట్టు తిరిగిపోయి, మోటారు షెడ్డు మీది నల్ల నీళ్ల ట్యాంకు జల్లెడైంది. చిలకలు కదల్లేదట. ఆ కబురు విన్న పూట నేను సంగటి ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాను. ఓదార్చాలనే నెపంతో తరువాతి బస్సుకే పోయాను. తీరా చూస్తే ట్యాంకు చుట్టూ సన్నటి ధారలు పడుతున్నాయి, కూలికొచ్చిన ఆడవాళ్లు వాటికింద నవ్వుకుంటూ మొహాలు కడుక్కుంటున్నారు, చుట్టుపక్కల రైతులు బండ్లేసుకుని చూడ్డానికి వస్తున్నారు. మా షడ్డకుడు వాపెక్కిన చేతికి కట్టు కట్టుకుని, తనమీద తానే నవ్వుకుంటూ వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెబుతున్నాడు. వాళ్లంతా ఆ తుపాకి ఎంత బలమైందో అని మెచ్చుకుని పోతున్నారు. బతుకంతా ఒక్క పాత్రకు సొట్ట పడకుండా అంగడి నడిపితే నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు. పట్టుకుని చూస్తావా అన్నా అని అతను అడిగితే, చేతికి నూనె అంటుతుందిలే అన్నాను.

ఇవన్నీ నెమరేసుకుంటూ మొన్న ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నాను. ఈసారి అతను వదిలేస్తున్నాడు. అతని కొడుక్కి అక్కర్లేదు, తుపాకి ఉన్న ఇల్లంటే పిల్లనివ్వడానికి జంకుతున్నారని వాడి గోల. ఇవాళ సర్కారు చేతిలోకి పోయిందంటే పొట్టిదొర మళ్లీ రాదు. అడగడానికి ఇంక ఈ ఒక్క పొద్దే మిగిలింది. అడగాలా, అతనే తీసుకోమనేదాకా ఆగాలా అని తేల్చుకోకముందే బస్సు దిగాల్సి వచ్చింది.

స్టేషన్ వరండాలో బల్ల మీద మా షడ్డకుడు గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. చూపు ఆనడం లేదని, ఊరికే పెట్టెలో సాకలేనని చెప్పాడు. తర్వాత సంచి ముడిని సవరిస్తూ, "ఒక మాట సెప్తా, నవ్వొద్దన్నా. ఇన్నేండ్లు నాకు నీ మీద కుళ్లు" అన్నాడు.

నేను నవ్వలేదు. నా మాట అతని నోట్లోకి ఎలా పోయిందా అని చూస్తున్నాను.

"మామ నాకు అందరి ముందర ఇచ్చినాడు, పిల్లోనికి మిఠాయి ఇచ్చినట్ల. నిన్నయితే తువాలు కిందికి పిల్చినాడు. నన్ను ఒక్కతూరన్నా పిలవలేదు. ఆయన లెక్కలో నేను బేరానికి పనికొచ్చే మనిషిని కాదు."

"ఇచ్చింది నీకే కదప్పా" అన్నాను.

"మొదట నీకే ఇయ్యబోయినాడు. పెద్దల్లుడు చెయ్యి ఎనక్కి తీస్కున్యాడని నాతో సెప్పుకోని బాధపడినాడు. నాకు ఇస్తానన్యాక కూడా కాగితాల మీద సంతకం పెట్టకుండా శానా దినాలు ఆపినాడు. నువ్వు మళ్లా వచ్చి చెయ్యి పెడతావేమోనని."

నేను ఆదోనిలో, బయటపడితే బేరం చెడుతుందని నోరు కట్టుకుని కూర్చున్న రోజుల్లోనే, ఆయన అక్కడే, మండీలో, నా చెయ్యి కోసం కూర్చున్నారు. ఇద్దరం వ్యాపారస్తులం. ముందు కదిలినవాడు నష్టపోతాడని ఇద్దరికీ తెలుసు. ఇది విన్నాక నా అసూయ తగ్గాలి. ఒక్క గుక్క నీళ్లు తాగేంతసేపు తగ్గింది కూడా. నన్ను సాటి వ్యాపారిగా లెక్కపెట్టారని లోపల ఏదో పొంగింది. వెంటనే ఇంకోటి తగిలింది. నాతో బేరమాడారు, బాధ మాత్రం పోయి ఇతనితో చెప్పుకున్నారు. మళ్లీ ఇతనిదే పైచేయి.

"నాకియ్యి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక వస్తువును తిట్టకుండా అడగడం అదే మొదలు.

అతను ఎందుకని అడగలేదు. బల్ల మీద నుంచి లేచి, లోపల స్టేషన్ రాతకోతలు చూసే రైటరును పిలిచి, దీన్ని మా అన్న పేరుకు మార్చొచ్చా సార్ అని అడిగాడు. రైటరు పెద్దమనిషి తరహాగా నన్ను కిందినుంచి పైదాకా చూసి, నాకు కొత్తగా లైసెన్సు రావాలనీ, దానికి కారణం చూపాలనీ ఓపిగ్గా చెప్పాడు. "ఎవురితోనన్నా ప్రాణభయముందా పెద్దాయనా నీకు?"

ఆలోచించాను. అంతకాలం అంగట్లో కూర్చుని ఎంతమందిని గీసి గీసి బేరాలాడినా, నన్ను చంపేంత శ్రమ తీసుకునేవాడు ఒక్కడూ గుర్తుకు రాలేదు. పగవాడని నేను చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మనిషి పక్కనే నిలబడి, నా తరఫున రైటరును బతిమాలుతున్నాడు. నేను తడబడటం చూసి అతను నా చెవి దగ్గర, "నా పేరు సెప్పన్నా, నేనేమనుకోను" అన్నాడు. రైటరుకు వినబడింది. ఆయన నవ్వు ఆపుకుంటూ కాగితం తన వైపు జరుపుకున్నాడు.

ఇచ్చేముందు మా షడ్డకుడు సంచి విప్పి పొట్టిదొరను నా రెండు చేతుల్లో పెట్టాడు. నిజం చెప్పాలంటే నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. చేత్తో ఎత్తి తూకం చెప్పడం మా ఇంటి విద్య. బిందె గానీ, గంగాళం గానీ ఎత్తగానే చెప్పేస్తాను. దీన్ని ఎత్తి చాలాసేపు నిలబడ్డాను, అంచనా అందలేదు. కానిస్టేబులు వచ్చి తీసుకుని, నడుం దగ్గర విరిచి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూసి, చీటీ కట్టి లోపలికి పట్టుకుపోయాడు. బయటికొచ్చాక మా షడ్డకుడు ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని, అన్నం తిని పోదువు రా అన్నాడు. అతనికీ లేదు, నాకూ లేదు, ఇప్పుడు ఇద్దరం సమానమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పక్కన నడుస్తూనే, దాన్ని పోగొట్టుకున్న బాధ కూడా అతనికే దక్కిందని కుళ్లుకున్నాను. కాలం మనుషులనూ వస్తువులనూ ఒక్కొక్కటిగా పట్టుకుపోతుంది, వాటిని కావాలనుకోవడాన్ని మాత్రం మన దగ్గరే మరిచిపోతుంది.